నెంబరు లేని స్టాంపు

నేను ఒక రబ్బరు స్టాంపును. నున్నటి కొయ్యపిడి, గులాబీరంగు రబ్బరు ముఖం, చూడముచ్చటగానే ఉంటాను. ఒక్కటే లోపం. నా ముఖం మీద అక్షరాలన్నీ తిరగబడి ఉంటాయి. మీకైతే అద్దం ఉంది. నేను మాత్రం కాగితం మీద పడితే గాని నేనెవరో నాకు తెలియదు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, నా బతుకులో జరిగిన నవ్వులాటంతా దీనివల్లనే.

నేను పుట్టింది అనకాపల్లి మెయిన్ రోడ్డులో, ఓ చెప్పుల దుకాణం మెట్ల కింద ఇరుక్కున్న స్టాంపుల బడ్డీలో. చేయించుకున్నది నూకరత్నం. అప్పటికి ఆమె బీమా సర్వేయరు నరసింగరావు గారి దగ్గర పని నేర్చుకుంటోంది. సర్వేయరంటే భూములు కొలిచే మనిషి అనుకునేరు. కాదు. షాపు కాలినా, లారీ బోల్తా కొట్టినా వెళ్లి చూసి, నష్టమెంతో తేల్చి బీమా కంపెనీకి రాసిచ్చే మనిషి. ఊళ్లో చాలామందికి ఈ తేడా తెలియదు. సర్వేయరమ్మ వస్తోందంటే చాలు, ఎవరో ఒకరు గబగబా వెళ్లి తాము జరిపిన హద్దురాయిని మళ్లీ దాని చోట పెట్టేసేవారు.

నష్టం ఎవరైనా చూడొచ్చు. రాసి సంతకం పెట్టాలంటే మాత్రం ప్రభుత్వం లెక్కలో లైసెన్సు ఉండాలి. దానికి తగిన చదువుండాలి, లైసెన్సున్నవాళ్ల దగ్గర శిక్షణ పొందాలి, పరీక్ష నెగ్గాలి, దరఖాస్తు పెట్టుకుని గుమ్మం వైపు చూస్తూ కూర్చోవాలి. వచ్చాక కూడా గడువు దాటకుండా మళ్లీ మళ్లీ పొడిగించుకోవాలి. పెళ్లికొడుకును కూడా ఇన్ని అడగరు.

నూకరత్నం డిగ్రీ చదువు కడుపులో పాప పడగానే ఆగిపోయింది. ఆ పాపనే ఒళ్లో పడుకోబెట్టుకుని మళ్లీ మొదలుపెట్టి పూర్తి చేసింది. బీమా పరీక్ష కూడా నెగ్గింది. ఇక లైసెన్సు రావడమే తరువాయి. పాప పుట్టకముందు ఉయ్యాల కొనకూడదని పెద్దవాళ్లు చెబితే బుద్ధిగా విన్న మనిషి, లైసెన్సు పుట్టకముందే నన్ను కొనడానికి వచ్చేసింది.

"రాసుకో బాబూ. బి. నూకరత్నం. దాని కింద సర్వేయర్ అండ్ లాస్... లాస్యా! రోడ్డు మీదికెళ్లకే! బస్సొస్తోంది! ఆఁ... అసెసర్. ఆ కింద లైసెన్సు నెంబరు అని పెట్టి చుక్కలు పెట్టు."

"సుక్కలేటమ్మా? నెంబరు సెప్పండి."

"ఇంకా రాలేదు."

"రాకుండానే స్టాంపేటి?"

"వస్తుంది!" అంది నూకరత్నం, కూతురి జడ ఒక చేత్తో పట్టుకుని.

నన్ను చెక్కి, "ఓపాలి కొట్టి సూస్కోండమ్మా" అన్నాడు బడ్డీ అతను. అంతే, ఆమె నిప్పు ముట్టుకున్నట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది. "వద్దొద్దు. లైసెన్సు లేకుండా కొట్టకూడదు."

"తెల్లకాయితం మీద కొడితే ఏటవుతాది?"

ఏమవుతుందో ఆమెకూ తెలియదు. నన్ను చేతిరుమాల్లో చుట్టి, ఇంకుప్యాడుతో సహా సంచిలో పడేసింది. ఆ సంచిలో నాకు దొరికిన సావాసం వినండి: జ్వరం చూసే థర్మామీటరు, దెబ్బలకు అంటించే పట్టీలు, విరేచనాలైతే కలిపే పొడి, పాప గౌను ఒకటి, ఆ గౌను తడిస్తే ఇంకొకటి. లాస్యకు జరగబోయే నష్టాలన్నిటికీ ఆ సంచిలో ముందే ఏర్పాటు ఉంది.

ఆ ఏడు గాలివాన వచ్చింది. బొడ్డేటి సత్యం గారి టెంట్ హౌస్ షెడ్డు రేకులు ఎగిరిపోయాయి. షామియానాలు నానిపోయి ఒకదాని రంగు ఇంకొకదానికి అంటుకుంది. గోడ కూలి వంట గుండిగలు సొట్టపోయాయి. నరసింగరావు గారు, నూకరత్నం వెళ్లారు. ముందురోజు పాపకు ఒళ్లు వెచ్చబడిందని లాస్యనూ తీసుకెళ్లింది, లాస్య ఉంటే సంచీ, సంచీ ఉంటే నేనూ.

నూకరత్నం టేపు తియ్యగానే సత్యం గారి తల్లి ఎదురొచ్చింది. "కొలండమ్మా, బాగా కొలండి. ఆ పక్కోడు మా గోడ మీదికొచ్చీసేడు. అదీ రాసీండి!"

"నేను ఆ సర్వేయరును కాదు మామ్మా."

"ఏ సర్వేయరయినా గోడ గోడే కదేటి!"

మధ్యాహ్నానికి అంతా చూసి, ఫొటోలు తీసి, రాయడం అయింది. సంతకం చేయబోతూ నరసింగరావు గారు నెంబరు కోసం జేబులోంచి తన లైసెన్సు కార్డు తీశారు. నెంబరు కింద ఉన్న తేదీ చూసుకున్నారు. గడువు కిందటి వారమే అయిపోయింది. గడువు దాటిన పాలసీలు పట్టుకుని ఏడ్చుకుంటూ వచ్చినవాళ్లకు, "గడువంటే గడువేనండీ, ఒక్కరోజు దాటినా నేనేం చెయ్యలేను" అని జీవితమంతా చెప్పిన మనిషి ఆయన.

సత్యం గారికి అర్థం కాలేదు. "అంటే ఏటి బాబూ? మొన్నటిదాకా మీకు తెలిసిన నష్టం ఇయ్యాల తెలీదా?"

"తెలుసు. సంతకం పెట్టకూడదు."

"మరి ఈయమ్మకో?"

"ఆవిడకింకా రాలేదు."

"ఒకరిది అయిపోయింది, ఒకరిది రాలేదు. బాగుంది!"

సరిగ్గా అప్పుడే లాస్య సంచీ కెలికి నన్ను బయటకు లాగింది. "అమ్మ స్టాంపు!"

సత్యం గారి మొహం వెలిగింది. "మరిదేటమ్మా? పరీక్ష నెగ్గీసేరు కదా! కొట్టీండి. వచ్చీ నెల్నుంచీ ముహూర్తాలు. షామియానా లేని టెంట్ హౌసోడిని ఎవుడు పిలుత్తాడు? నా పొట్ట కొట్టకండమ్మా."

నరసింగరావు గారు వద్దనలేదు, కానీయమనలేదు. లేని పైకప్పు కేసి శ్రద్ధగా చూస్తూ నిలబడ్డారు.

నూకరత్నం నన్ను ప్యాడు మీద అద్దింది. తొలిసారి ఇంకు రుచి చూశాను. ఆమె నన్ను రిపోర్టు మీదికి తెచ్చింది. నిజం చెప్పొద్దూ, పడిపోవాలనే ఉంది నాకు. అన్నాళ్లు థర్మామీటరు పక్కన పడి ఉన్నది దేనికి? కాగితం ఇంత దూరంలో ఉంది.

"ఈ చుక్కల్లో ఏం రాయను సత్యం గారూ?" అంది. "పాప పుట్టినరోజు రాయనా?"

"ఏదో ఒకటి రాసీండి!"

"రాస్తే ఈ రిపోర్టు చెల్లదు. మీకు రావాల్సిందీ రాదు. నా లైసెన్సు పుట్టకుండానే పోతుంది. నాకు భయమండీ. కొట్టను."

ఈలోగా లాస్య రాగం అందుకుంది. "నాకు కొట్టూ... నాకూ..." ఇంకు తడి ఆరలేదు. లైసెన్సు అక్కర్లేని చోటు లోకంలో అదొక్కటే దొరికినట్టు, నూకరత్నం ఆ చిన్న అరచేతిలో నన్ను నొక్కింది.

సత్యం గారు వంగి, కూడబలుక్కుని చదివారు. "బి. నూకరత్నం. సర్వేయర్ అండ్... లాస్య అసెసర్." తలెత్తి, "లాస్యంటే ఈ గుంటే కదమ్మా?" అన్నారు.

నేనెవరో నాకు అప్పుడు తెలిసింది. బడ్డీ దగ్గర లాస్ అని చెబుతూ చెబుతూ లాస్యా అని పెట్టిన కేక నూకరత్నానికి అప్పుడు గుర్తొచ్చింది. నరసింగరావు గారు సొట్ట గుండిగ మీద కూలబడి నవ్వారు. "ఇది గనక కంపెనీకి వెళ్లుంటే..." అని పూర్తి చెయ్యలేకపోయారు. నూకరత్నం కళ్లనీళ్లతో నవ్వింది. సత్యం గారికి మాత్రం నవ్వు రాలేదు.

ఆమె అక్కడి నుంచే కంపెనీకి ఫోన్ చేసి, తమ ఇద్దరిలో ఎవరికీ లైసెన్సు లేదని చెప్పేసింది. విశాఖ నుంచి ఇంకొకాయన వచ్చి మళ్లీ చూశాడు. సత్యం గారు ఎలమంచిలి నుంచి షామియానాలు అద్దెకు తెచ్చుకుని, నూకరత్నాన్ని తిట్టుకుంటూనే పెళ్లిళ్లు లాక్కొచ్చారు. క్లెయిము ఆలస్యంగా వచ్చింది, కానీ వచ్చింది. ఆమెకు లైసెన్సు వచ్చిందని తెలిసిన రోజున సత్యం గారే మనుషుల్ని పంపి ఆమె ఇంటి వాకిట్లో కొత్త షామియానా వేయించారు. అద్దె మాటెత్తలేదు. పెళ్లెవరికో అని వీధంతా వచ్చి చూసింది.

నూకరత్నం మళ్లీ ఆ బడ్డీకే వెళ్లింది, ఈసారి కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని. "స కింద యవత్తు వద్దు బాబూ. పొల్లు. పొల్లు పెట్టు!" చుక్కల చోట నెంబరు చెక్కించింది. ఆ కొత్త స్టాంపు ఇప్పుడు తాళం వేసిన బల్ల సొరుగులో దర్జాగా ఉంటుంది. నేను బొమ్మల బుట్టలో ఉంటాను. చెయ్యి విరిగిన బొమ్మలు, చక్రం ఊడిన లారీలు నా దగ్గరకు వస్తాయి. లాస్య వాటిని "ఎలా విరిగింది? ఎప్పుడు?" అని తల్లి గొంతుతోనే అడిగి, పొట్ట మీద నన్ను కొడుతుంది. ఒక్క దొంగ కాగితం మీదా పడని స్టాంపును నేను. నిజం కాగితం మీదా పడలేదనుకోండి, అది వేరే మాట.

మొన్న లాస్య ఓ బొమ్మ పొట్ట మీద నన్ను కొట్టి, ఆ చుక్కల మీద తనకు వచ్చిన ఒకే ఒక్క అంకె వేసింది. నూకరత్నం చూసి, కొంగు తడిపి, ఆ అంకెను మాత్రం శుభ్రంగా తుడిచేసింది.

"ఇప్పుడే వద్దమ్మా. నెంబరు వచ్చాక రాద్దువుగాని."