తేదీ తిప్పే చెయ్యి

డానియల్ పంచిన కాగితాలు చూసి అందరికంటే ముందు నవ్వింది మెర్సీ.

"ఏంది తమ్మీ ఇది, పరీక్ష పేపరా? పాస్ మార్కులెన్ని?"

ఆదివారం కావడంతో మక్తల్ పోస్టాఫీసు గేటుకు తాళం పడింది. ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ రేకుల కింద రెండు బెంచీలు దగ్గరికి లాక్కుని నలుగురు కూర్చున్నారు. నలుగురూ చుట్టుపక్కల ఊళ్లలో టపా చూసేవాళ్లే. గ్రామీణ డాక్ సేవకులు. పేరు బారెడు, జీతం బెత్తెడు అని డానియల్ అంటుంటాడు. అతనికి ముప్పై దాటలేదు. సంఘానికి మక్తల్ కార్యదర్శి అయి ఏడాదయింది. అప్పటి నుంచి జేబులో రెండు పెన్నులు పెట్టుకుని తిరుగుతున్నాడు.

"సర్కారు కాయిదంల మన పని దినానికి ఐదు గంటలు. జీతం గూడ ఐదు గంటలదే. మనమేమో పొద్దుగూకేదాంక చేస్తున్నం. నోటితోని చెప్తే ఎవ్వలింటరు? వారం దినాలు ఎవరి పని వాళ్లు గంటగంటకు రాయుండ్రి. వచ్చే ఆదివారం అన్ని జమచేసి, సమ్మె నోటీసుకు కుట్టి పైకి పంపుదాం. ఎనిమిది గంటల డ్యూటీ, ఎనిమిది గంటల జీతం. ఇయ్యకుంటే బంద్."

"నన్ను అండ్ల కలపకు," అన్నాడు ఐలేశం. నలుగురిలో పెద్దవాడు ఆయనే. అరవై నాలుగేళ్లు, తలకు తువ్వాల, చేతిలో ఆరిపోయిన బీడీ. "ఎనిమిది నెలలైతే దిగిపోతున్న. ఒడ్డుకొచ్చినంక ఎవడన్న పుట్టి ముంచుకుంటడా?"

"సమ్మెకు రాకుంటే రాకు మామా. కాయిదమైతే రాయి."

"ఏం రాయాలె? కుక్క తరిమితే ఉరికింది రాయాల్నా?"

"ఏ దిక్కు ఉరికినవు?" అని అడిగింది మెర్సీ. ఆమె పక్కూరి బ్రాంచి పోస్టుమాస్టరు, మాటకు మాట అప్పు పెట్టుకోని మనిషి. "టపా ఇచ్చే దిక్కు ఉరికితే పని. ఇంటి దిక్కు ఉరికితే కాదు."

"నేను సిగ్నల్ కోసం వాటర్ ట్యాంకు ఎక్కుత," అన్నాడు డానియల్. "దినాం అర్ధగంట. అది పనే."

"మీద నిలబడి ఎవరితోని మాట్లాడుతవో ఊరంత ఇంటది. అది గూడ రాస్తవా?"

డానియల్ చెవులు ఎర్రబడ్డాయి. హోటల్ అతను కూడా నవ్వాడు. బెంచీ చివర కూర్చున్న బక్కయ్య కూడా నవ్వి, తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. పోతూ పోతూ ఒక మాట మాత్రం అడిగాడు.

"ఎవరి పని వాళ్లే రాయాల్నా, తమ్మీ?"

"మరి? నీ పని నేను రాస్తనా అన్నా?"

*

తుమ్మలకుంటలో పోస్టాఫీసు అంటే బక్కయ్య ఇంటి ముందర అర్ర. ఆఫీసుకు జాగా చూపించాల్సింది కొలువు చేసేవాడే కాబట్టి, కొలువు వచ్చిన ఏడు దర్వాజ మీద ఎర్ర బోర్డు కొట్టి, మంచం వెనక అర్రలోకి జరుపుకున్నారు. అది ఒక్క మనిషి ఆఫీసు. మక్తల్ బస్సు దగ్గర సంచి అందుకోవాలి, విప్పాలి, ముద్ర వేయాలి, పింఛన్లకు వేలిముద్రలు తీసుకోవాలి. రెండు తండాలు తిరిగి ఉత్తరాలు ఇచ్చి రావాలి. అన్నీ ఒక్కడే.

ఇరవై రెండేళ్లు అట్లాగే సాగింది. తండాలకు పోయినప్పుడు కూడా తుమ్మలకుంట పోస్టాఫీసు తలుపు ఎన్నడూ మూసి ఉండేది కాదు. ఎందుకు మూసి ఉండదో ఎవరూ అడగలేదు. బక్కయ్య భార్య పుష్ప లోపల కూర్చుని ఉండేది.

పుష్ప పోయి నాలుగు నెలలు.

సోమవారం పొద్దున కాగితం విప్పి, పెన్ను పట్టుకుని, మొదటి పని రాశాడు: ఏడు గంటలు, ముద్రలో తేదీ మార్చుట. రాసి ఆగిపోయాడు.

పోస్టాఫీసు ముద్రలో తేదీ ఇనుప అచ్చులతో ఉంటుంది. రోజూ పొద్దున చిన్న చిమటాతో నిన్నటి అంకె తీసి, డబ్బాలోంచి ఇవాళ్టి అంకె ఏరి పెట్టాలి. పాత పళ్ల బ్రష్షుతో సిరా మట్టి దులిపి, ముద్ర పుస్తకంలో ఒకసారి గుద్ది, అంకె సరిగ్గా పడిందో లేదో చూడాలి. కొలువులో చేరినప్పుడు బక్కయ్యకు నేర్పారు. ఒక నెల చేశాడు. ఆ తర్వాత ఆయన స్నానం చేసి వచ్చేసరికి అది అయిపోయి ఉండేది. అట్లా ఇరవై రెండేళ్లు. తేదీ తనంతట తాను మారదన్న సంగతే ఆయన మరిచిపోయాడు.

ఆమె పద్నాలుగో తారీఖు పోయింది. ఊళ్లో పింఛన్లు ఆగి ఉన్నాయని నాలుగో రోజు ఆఫీసు తెరిచాడు. మూడు రోజులు ఉత్తరాలకు ముద్ర వేసి పంపాడు. మూడు రోజులూ ఉత్తరాల మీద పద్నాలుగే పడింది. ఊళ్లో ఎవరూ చూడలేదు. మక్తల్‌లో పట్టుకున్నారు. పై ఆఫీసు నుంచి సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. బక్కయ్య దాని కింద "పొరపాటు జరిగినది, ఇక జరగదు" అని రాసి సంతకం పెట్టాడు. అంతకంటే రాయడానికి చెయ్యి రాలేదు.

అప్పటి నుంచి తేదీ ఆయనే మారుస్తున్నాడు. మొదట్లో ఆరును తొమ్మిది చేసి పెట్టేవాడు. ఇప్పుడు కుదురుతోంది.

వారం రోజులు కాగితం నిండింది. చివర కూడి చూసుకుంటే రోజుకు పదకొండు గంటలు వచ్చింది. రెండోసారి కూడినా పదకొండే.

శనివారం సాయంత్రం కృష్ణమ్మ వచ్చింది. ఎదురింటి ముసలమ్మ. వేలు అరిగి మిషన్‌లో ముద్ర పడక, మూడు రోజులుగా పింఛను కోసం తిరుగుతోంది.

"ఏం రాస్తున్నవ్ బిడ్డా?"

"నేను చేసే పని రాస్తున్న అవ్వా."

"పుష్ప ఉన్నప్పుడు నా వేలుకు ఇంత కొబ్బరినూనె రాసి, కొంగుతోని తుడిచి, మల్ల పెట్టిచ్చేది. గప్పుడు పడేది. అది గూడ రాసినవా?"

బక్కయ్య లేచి నూనె సీసా తెచ్చాడు. రెండోసారికి ముద్ర పడింది.

*

మళ్లీ ఆదివారం, మళ్లీ అవే బెంచీలు. డానియల్ కాగితాలు ఒక్కొక్కటిగా చదివాడు.

"మెర్సక్క తొమ్మిది. నాది తొమ్మిది, ట్యాంకు తీసేసినంక. ఐలేశం మామ ఎనిమిదిన్నర, కుక్కతోని కలిపి. బక్కన్న..." ఆగి, కాగితం వెలుతురుకు పెట్టాడు. "పదకొండు!"

"పదకొండా?" ఐలేశం బీడీ పక్కన పెట్టాడు. "నా ఊర్లె గడపలు నీ ఊరికి రెండింతలు. నాకే ఎనిమిదిన్నర. నీ ఇంట్ల గడియారానికి ఎడ్లు గట్టినవారా?"

అందరూ నవ్వారు. డానియల్ మాత్రం సంబరంలో ఉన్నాడు.

"ఈ కాయిదం అన్నిటికి పైన పెడత. మహబూబ్‌నగర్ ధర్నాల బక్కన్నే మాట్లాడాలె. పదకొండు గంటల మనిషిని ఎదురుంగ నిలబెడితే ఎవరు కాదంటరు?"

"తమ్మీ," అన్నాడు బక్కయ్య. "నాలుగు నెలల కింద రాయమని ఉంటే ఎంత రాసేటోన్నో తెలుసా? ఆరు."

"ఆరెట్ల? పని గంత పెరిగిందా?"

"పని పెరగలే. అప్పుడు గూడ పదకొండే. ఆరు నావి. ఐదు ఆమెవి."

హోటల్ అతను పొయ్యి మంట తగ్గించాడు. మెర్సీ తన చాయ్ గ్లాసులోకి చూస్తూ అంది:

"నా తొమ్మిదిల రెండు మా ఆయనవి. సంచి బండి మీద తెచ్చేది ఆయనే. నావే అని రాసిన."

ఐలేశం దగ్గాడు. "మిషన్ నొక్కేది నా కోడలు. నాకు అండ్ల అక్షరాలు కనపడయి. చీమలు పోతున్నట్టుంటయి."

ముగ్గురూ డానియల్ వైపు చూశారు.

"నాకెవరున్నరు? పెండ్లే కాలేదు గద."

"గందుకే నీకు సంఘం చూసే తీరిక దొరికింది," అంది మెర్సీ. మళ్లీ నవ్వులు లేచాయి. ఈసారి ముందుకంటే తక్కువగా.

"అన్నా, పదకొండు అబద్ధమేం గాదు," అని డానియల్ బక్కయ్య పక్కకు జరిగి కూర్చున్నాడు. "ఇప్పుడు నువ్వే చేస్తున్నవ్ గద. అట్లనే ఉండనీ. వదినె సంగతి రాసినవనుకో, ముద్ర బయటి మనిషి చేతికిచ్చుడు తప్పని నిన్నే పట్టుకుంటరు. ముందే ఒక సంజాయిషీ ఉన్నది. జీతం పెరుగుడేమో గని, నిన్ను ఇంట్ల కూర్చోబెడతరు."

అది నిజమేనని బక్కయ్యకు తెలుసు. యాభై ఎనిమిదేళ్లకు ఈ కొలువు పోతే మరో కొలువు లేదు. దర్వాజ మీద బోర్డు పోతుంది, ముందర అర్ర ఉత్త అర్ర అవుతుంది. ఆ ఖాళీ అర్రను తలుచుకుంటే, జీతం కంటే అదే ఎక్కువ భయం వేసింది. పొద్దున లేచి తేదీ మార్చే పని కూడా లేకపోతే తాను ఏం చేస్తాడు?

డానియల్ చేతిలోంచి తన కాగితం తీసుకుని చూశాడు. పై నుంచి కింది దాకా తన రాతే.

"ఒకసారి పొరపాటు అని రాసిన," అన్నాడు. "ఆమె పోయింది అని రాయాల్సిన కాడ పొరపాటు అని రాసిన. మల్ల గట్ల రాయను తమ్మీ. పెన్నియ్యి."

డానియల్ పెన్ను ఇవ్వలేదు. రెండు పెన్నులున్నా ఇవ్వలేదు. చేత్తో జేబు మూసుకుని కూర్చున్నాడు.

అప్పుడు ఐలేశం చెయ్యి చాపి అతని జేబులోంచి ఒక పెన్ను లాగాడు. డానియల్ దగ్గరున్న తన కాగితం తీసి తొడ మీద పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాశాడు: మిషన్ పని, రెండు గంటలు, నా కోడలు రామమ్మ.

"ఏంది మామా, పుట్టి మునుగుతదేమో చూడు," అంది మెర్సీ.

"ఒడ్డుకొచ్చింది గద బిడ్డా. మునిగినా మోకాళ్ల లోతే." కాగితం డానియల్ ఒడిలో పడేశాడు. "మందల ముందుగాల వాగు దిగేది ముసలి గొర్రే. నాది అన్నిటికి పైన పెట్టు. బక్కయ్యది దాని కింద పెట్టు. పట్టుకుంటే నన్ను ముందు పట్టుకోనీ."

"అంటే నువ్వు సమ్మెల ఉన్నట్టేనా?"

"చాయ్ చెప్పురా ముందు. అన్నీ నా నోటితోనే చెప్పిస్తవ్."

పెన్ను మెర్సీ చేతికి వెళ్లింది. అక్కడి నుంచి బక్కయ్య చేతికి వచ్చింది. ఆయన పదకొండు కొట్టేసి, దాని పక్కన రాశాడు: నా పని ఆరు గంటలు. నా భార్య పుష్ప చేసిన పని ఐదు గంటలు, ఇరవై రెండేండ్లు. ఆమె పోయినంక పదకొండూ నేనే. కింద సంతకం పెట్టాడు.

డానియల్ అన్నీ జమచేసి, నోటీసుకు గుండుసూది గుచ్చి, చివరికి అన్నాడు: "సరే. ఇప్పుడు దీన్ని ఎట్ల పంపుదాం?"

"ఎట్ల పంపుతరు? టపాలనే," అంది మెర్సీ. "మన సమ్మె నోటీసు గూడ మనమే మోయాలె. అది ఏ గంటల కింద రాస్తవో రాసుకో."

"రిజిస్టర్ చెయ్యాలె. ఎవరి ఆఫీసు నుంచి?"

"నా కాడికెల్లి," అన్నాడు బక్కయ్య.

*

సోమవారం పొద్దున బక్కయ్య చిమటాతో శనివారం నాటి అంకె తీశాడు. డబ్బాలోంచి ఇవాళ్టిది ఏరాడు. బ్రష్షుతో దులిపి, పుస్తకంలో ఒకసారి గుద్ది చూశాడు. తర్వాత కవరు మీద ముద్ర వేశాడు. తుమ్మలకుంట పేరు, తారీఖు, నెల, సంవత్సరం, అన్నీ నల్లగా, పొల్లు పోకుండా పడ్డాయి. సంజాయిషీ మళ్లీ వస్తే వస్తుంది. ఈసారి దాని కింద రాయడానికి ఆయన దగ్గర మాట ఉంది.

రెండు వారాలు గడిచినా పై నుంచి జవాబు రాలేదు. సమ్మె మొదలైంది.

మొదటి రోజు ఏడింటికి అలవాటుగా ముద్ర డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. చిమటా కూడా పట్టుకున్నాడు. గుర్తొచ్చి మళ్లీ లోపల పెట్టాడు. ముద్రలో నిన్నటి తేదీ అట్లాగే ఉండిపోయింది. ముందర అర్రకు తాళం వేస్తుంటే కృష్ణమ్మ కట్టె పొడుచుకుంటూ వచ్చింది.

"తీయవా ఇయ్యాల?"

"సమ్మె అవ్వా. మక్తల్ పోతున్న, పది గంటల బస్సుకు."

"సమ్మెనా?" ముసలమ్మ తాళం వైపు, ఆయన వైపు మార్చి మార్చి చూసింది. "ఆ పిల్ల ఉంటేనా, నువ్వు మక్తల్ పోయినా ఇది తీసి కూసుండేది. ఒక్కనాడు బందు పెట్టలే ఆమె."

"ఒక్కనాడన్న పెట్టాల్సుండె అవ్వా," అన్నాడు బక్కయ్య. తాళం ఒకసారి లాగి చూశాడు. "ఇయ్యాల ఆమెది గూడ బందే."

కృష్ణమ్మ గడప పక్కన అరుగు మీద నెమ్మదిగా కూర్చుంది. కట్టె ఒడిలో పెట్టుకుంది.

"బస్సుకు ఇంక మస్తు టైమున్నది," అంది కాసేపటికి. "ఇంత చాయ్ పెట్టు. చక్కెర జర నిండుగ ఎయ్యి. సమ్మె మీకు గని, నాకు గాదు."

బక్కయ్య నవ్వి, వెనక తలుపు నుంచి లోపలికి వెళ్లి పొయ్యి అంటించాడు.