కళింగపట్నానికి రాకెట్టు రాదు

ఆ ఉదయం అప్పలసూరికి నిలబడితే అరికాళ్ళు మండాయి, కూర్చుంటే ఇసుక గుచ్చుకుంది. బీడీ ముట్టించి రెండు దమ్ములైనా లాగకుండా పారేశాడు. ఇంకొకటి ముట్టించాడు. అదీ పారేశాడు.

ఎదురుగా అక్క దానమ్మ ఆరు గంపల నెత్తళ్ళు ముందు పెట్టుకుని కూర్చుంది. వేలెడంత చేపలవి. తెల్లవారుతూనే తెప్పల దగ్గర కొన్నది. ఎండెక్కేలోగా ఇసుక మీద పరిస్తే సాయంత్రానికి గలగలలాడతాయి. పరవకపోతే మధ్యాహ్నానికి కాకులు కూడా ముట్టవు.

పరవడానికే చోటు లేదు.

దానమ్మ ఎండుచేప పట్టుకుని చీపురుపల్లి సంతకి వెళ్ళి, చుట్టాలింట్లో రెండు రోజులుండి వచ్చింది. ఈలోగా ఇరవై ఏళ్ళుగా ఆమె చేప ఎండబెట్టుకుంటున్న ఇసుకలో సగం అటుపక్క జాగా నూకయ్య వెదురుకంచెలోకి, సగం ఇటుపక్క జాగా పద్మకుమారి ముళ్ళకంచెలోకి వెళ్ళిపోయింది. మధ్యలో మిగిలింది మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు.

ఆ తీరంలో కంచె అన్నది ఎవరూ ఎరగరు. ఎవరి జాగాకీ కాగితం లేదు, రాయి లేదు. ఏటా వేట మొదలయ్యే రోజున ప్రతి ఇంటి ఆడమనిషీ తన జాగా చుట్టూ మడమతో గీత గీసి, పసుపునీళ్ళు చల్లి గంగమ్మకి దండం పెట్టుకుంటుంది. సాయంత్రం గాలికి ఆ గీత చెరిగిపోతుంది. అయినా ఏ ఇసుక ఎవరిదో చంటిపిల్లకి కూడా తెలుసు. అన్నేళ్ళూ ఆ చెరిగిపోయిన గీతే సరిపోయింది. ఇప్పుడు కంచెలు లేచాయంటే అప్పలసూరి వల్ల. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, అప్పలసూరి నోటి వల్ల.

"ఈ రాకెట్టు మాట ఎవుడు తెచ్చినాడో గానీ," అంది దానమ్మ గంపల మీద తడిగోనె కప్పుతూ, "ఆడి నోట్లో పురుగులు పడిపోను."

అప్పలసూరి మూడో బీడీ పారేశాడు.

అప్పలసూరి ఐదో తరగతి రెండుసార్లు చదివాడు, కాబట్టి పది చదివినట్టే అని అతని లెక్క. ఒడ్డు మీద ఉన్నంతసేపూ అతని నోట్లోంచి నిజం రావడం అరుదు. కొత్తగా వచ్చిన పోస్టుమేనుకి లైటుహౌసు పైన ఒక ముసలాయన ఉంటాడని చెప్పి, ఒక ఉత్తరం కోసం మెట్లన్నీ ఎక్కించిన మనిషి. తెప్ప మీద మాత్రం వేరు. నూకయ్య తెప్పలో అణియం దగ్గర, అంటే ముందు కొమ్ము దగ్గర, నిలబడి నీటి రంగు చూసి చేపల మంద ఎక్కడుందో చెప్పేది అతనే. "ఇక్కడ" అన్నాడంటే ఎనిమిదిమంది మారుమాట లేకుండా వల దింపుతారు. అణియం మీద చెయ్యి పెట్టి అబద్ధమాడినవాణ్ణి సముద్రం ఉంచదని అక్కడివాళ్ళ నమ్మకం. అప్పలసూరికీ అంతే. అందుకని అతని అబద్ధాలన్నీ ఒడ్డు మీదే ఖర్చయ్యేవి.

మంగళవారం ఏం జరిగిందంటే, ఎవరో ఇద్దరు మనుషులు జీపు దిగి, మూడుకాళ్ళ యంత్రం ఒకటి ఇసుకలో నిలబెట్టి కొలుచుకుంటున్నారు. అప్పలసూరి నగరేశ్వరరావు కొట్టు దగ్గర టీ తాగుతున్నాడు. ఉప్పు నుంచి మోకు దాకా ఊరికి కావలసినదంతా అమ్మే షావుకారు ఆయన.

"ఎవర్రా వాళ్ళు, సూరీ?" అన్నాడు నగరేశ్వరరావు.

"నీకు తెలవదేటి సావుకారూ? రాకెట్టుకి సోటు సూస్తన్నారు."

అంతటితో ఆగి ఉంటే ఎవరూ నమ్మేవారు కాదు. కానీ ముందు ఆదివారమే మేనకోడలు అనూరాధ, దానమ్మ కూతురు, శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతున్న పిల్ల, ఫోన్లో రాకెట్టు ఎగరడం చూపిస్తూ అతనికి బోలెడు సంగతులు చెప్పింది. అవన్నీ అప్పలసూరి నోట్లో ఊరుతూ ఉన్నాయి.

"రాకెట్టుకి ఇదే సోటని నేదు సావుకారూ. ఒకడు ఎడారిలోంచి ఎగరేస్తాడు. ఒకడు మంచు పడే అడివిలోంచి. దచ్చిణ అమెరికాలో పేద్ద అడివి, కోతులు సూస్తా ఉంటే ఆళ్ళ కళ్ళముందే లేపుతారు. ఒక దేశంలో అయితే గొర్రెలు మేసే కొండకొమ్ము మీంచి. సైనావోళ్ళు ఓడ మీద నిలబెట్టి సంద్రంలోంచే వొదుల్తారు. ఇమానం రెక్క కింద కట్టుకెల్లి గాల్లో ఒగ్గీసినోళ్ళూ ఉన్నారు. మనకేటి తక్కువ? తూర్పున సంద్రం ఉన్నాది, లైటుహౌసు ఉన్నాది. దారి తప్పితే లైటేసి సూపించొచ్చు."

ఒక్క లైటుహౌసు ముక్క తప్ప మిగతావన్నీ నిజాలే. చిక్కంతా అక్కడే వచ్చింది. బల్ల మీద కూర్చున్నవాళ్ళలో ఒక కుర్రాడు ఫోన్లో వెతికి చూసి, "నిజవేరా, గొర్రెలు కూడా ఉన్నాయి" అన్నాడు. గొర్రెలు నిజమైనప్పుడు రాకెట్టు మాత్రం అబద్ధం ఎందుకవుతుంది?

బుధవారానికి మాట కొంచెం పెరిగింది: కొలతల్లో కంచె ఉన్న జాగాకే కాగితం ఇస్తారట, కాగితం ఉన్నవాళ్ళకే డబ్బులట. ఈ ముక్క అప్పలసూరిది కాదు, ఎవరు చేర్చారో తెలియదు. గురువారానికి నగరేశ్వరరావు కొట్లో వెదుళ్ళు అయిపోయాయి, తీగచుట్టలు అయిపోయాయి. కొట్టు బోర్డు మీద పాత పేరుకి ముందు ఎర్రరంగుతో 'రాకెట్' అని చేరింది. అప్పలసూరి దాని కింద నిలబడి కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వాడు. ఆ నవ్వు శుక్రవారం పొద్దున్న అక్క గంపలు చూసేదాకా నడిచింది.

"అప్పా," అన్నాడు ఇప్పుడు, అక్కని పిలిచే పిలుపుతో. "ఆ మాట నానే అన్నాను."

దానమ్మ తలెత్తి చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండునని అతనికి అనిపించింది. గోనె అంచు ఎత్తి ఒక చేపని వేళ్ళ మధ్య నొక్కి చూసి, "ఇంకా గట్టిగానే ఉన్నాది," అంది. "పది దాటితే మెత్తబడిపోద్ది. ఎల్లి సెప్పు ఆళ్ళకి."

వెళ్ళాడు. ముందుగా కొలతలవాళ్ళ దగ్గరికి పరిగెత్తాడు. "బాబూ, ఇక్కడ రాకెట్టు కట్టరని ఒక్క ముక్క గట్టిగా సెప్పండి." వాళ్ళలో పెద్దాయన మొహం తుడుచుకుని, "ఒడ్డు ఎంత కోసుకుపోతోందో కొలవడమే మా పని. తరవాత ఏం కడతారో, ఏం కట్టరో మేం చెప్పకూడదయ్యా" అన్నాడు. చుట్టూ చేరిన జనం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. చెప్పకూడదన్నాడంటే ఇంక చెప్పేదేముంది. ఇద్దరు అప్పటికప్పుడే వెదుళ్ళ కోసం నెల్లిమర్లకి ఫోన్ చేశారు.

అక్కణ్ణుంచి నూకయ్య దగ్గరికి. నూకయ్య కంచెకి చివరి ముడి వేస్తున్నాడు.

"బావా, ఆ మాట నాను సరదాకి అన్నాను. కంచె ఇప్పీ."

నూకయ్య కన్నుకొట్టాడు. "నీ నోరు మూయించీసినారు కదేటి? నాకు తెలుసులే. నువ్వు సెప్పొద్దు, నానడగను."

"మూయించడానికి నానేటి కలట్టరునా బావా?"

"అదే మరి. కలట్టరైతే మూయించక్కర్నేదు."

అప్పుడే అనూరాధ వచ్చింది. మావయ్య మొహం చూసి జాలిపడిందో, అమ్మ గంపలు గుర్తొచ్చాయో, నూకయ్య ముందు గొంతుక్కూర్చుని ఓపిగ్గా మొదలుపెట్టింది. "పెదనానా, నీ తెప్ప ఇంజను పాడై కొట్టుకుపోనావు కదా అప్పుడు, ఎక్కడ తేలినావు?"

"బర్మాలో. మూణ్ణెల్లు కూకోబెట్టి అన్నం ఎట్టినారు, పాపం."

"మరి ఇక్కణ్ణుంచి తూర్పుకి ఎగరేస్తే ఎదురుగా ఆళ్ళే కదా. రాకెట్టు కింద ముక్కలు దార్లో ఊడి పడతాయి. శ్రీహరికోటలో అయితే ముందు సంద్రం ఎక్కువ. అందికే అక్కడ ఎట్టినారు."

నూకయ్య చెయ్యి ముడి మీద ఆగింది. అన్నం పెట్టినవాళ్ళ నెత్తిమీద ఇనుము పడెయ్యడం అతనికి నచ్చలేదు. అంతలో పక్క కంచెలోంచి పద్మకుమారి అంది: "ఎడారిలోంచి ఎగరేసినోళ్ళకి సంద్రమే నేదంట కదే? ముక్కలు నేల మీదే పడతాయంట. నిజమా కాదా?"

అనూరాధ అటు తిరిగింది. "నిజమే అత్తా. మనుషుల్లేని మైదానంలో..."

"అగో."

"భూమి నడుం దగ్గరయితే తిరిగే జోరు ఎక్కువుంటాది. మనం శ్రీహరికోట కంటే పైకున్నాం. కొత్తది కూడా కింద తమిళనాడు సివర్నే కడతన్నారు."

"మంచు అడివి నడుం దగ్గరున్నాదేటి?" అన్నాడు నూకయ్య.

"నేదు."

"బర్మా అడ్డొస్తే ఓడ మీద ఎట్టి నడిసంద్రంలోకి ఒట్టుకుపోతారు. మీ మావే సెప్పినాడు. ఓడ మాట అబద్ధమేటి?"

"కాదు," అంది ఆ పిల్ల నీరసంగా.

ఒక చోటు కుదరదంటే ఇంకో చోట కుదిరింది కదా అంటున్నారు. అప్పలసూరి పంచిపెట్టిన నిజాలన్నీ వరసకట్టి అతని మీదికే వస్తున్నాయి. ఇంకొక్క అబద్ధం ఆడెయ్యమని నాలిక లాగింది: రాకెట్టు వస్తే ఊరు మొత్తం ఖాళీ చేయిస్తారని ఒక్క ముక్క అంటే చాలు, కంచెలు వాళ్ళే పీకేస్తారు. నోరు తెరిచాడు కూడా. అనూరాధ అతని చెయ్యి పట్టుకుంది. "వొద్దు మావయ్యా. అది నమ్మితే ఇల్లు అమ్ముకునేవోడు కూడా ఉంటాడు."

అతను వెనక్కి తిరిగి చూశాడు. దూరంగా దానమ్మ గోనె ఎత్తింది, ఒక చేప నొక్కింది, గోనె దించింది. మళ్ళీ ఎత్తింది. ఈగలు చేరాయి.

అప్పలసూరి పంచె ఎగగట్టి నీళ్ళకేసి నడిచాడు. నూకయ్య తెప్ప అల మీద లేచి పడుతోంది. మోకాలి లోతుకి దిగి, అణియం మీద కుడిచెయ్యి పెట్టాడు. అరవలేదు. అరవక్కర్లేకపోయింది. పట్టపగలు ఒక మనిషి నీళ్ళలో నిలబడి అణియం మీద చెయ్యి పెట్టాడంటే ఆ ఒడ్డున ఎవరూ ఇంకో పని చెయ్యరు. పద్మకుమారి చేతిలో ముళ్ళకంప అలాగే ఉంది. నగరేశ్వరరావు కొట్టు వదిలి వచ్చి, చెప్పులు తడవకుండా దూరంగా నిలబడ్డాడు.

"సూరీ," అన్నాడు నూకయ్య, ఈసారి నవ్వకుండా. "తియ్యి చెయ్యి. ఆటకి కాదది."

ఇప్పుడు చెయ్యి తీసేసినా మించిపోయింది లేదు. వెళ్ళి టీ తాగొచ్చు. చెప్పేస్తే మాత్రం, ఉత్తమాటతో ఊరంతటి చేత కంచెలు కట్టించినవాడిగా ఈ తెప్ప దగ్గరే పేరు పడుతుంది. అతనికి ఉన్న ఒక్క మంచిపేరూ ఈ చెక్క మీదే ఉంది.

"గంగమ్మతల్లి సాచ్చిగా సెప్తన్నాను. ఇక్కడికి రాకెట్టు వస్తాదన్నది నాను పుట్టించిన మాట. నాకు ఎవరూ సెప్పనేదు, ఎవరూ నోరు మూయించనేదు. టీ తాగుతా, ఊసుపోక అన్నాను. అబద్ధమైతే ఈ తెప్ప మీద నానెక్కిన రోజే నన్ను తీసుకుపోనీ."

అల ఒకటి వచ్చి తొడల దాకా తడిపింది. తరవాత నూకయ్య కంచె దగ్గరికి నడిచి, పొద్దున్నంతా వేసిన ముడులు విప్పడం మొదలుపెట్టాడు. పద్మకుమారి కంప పక్కన పడేసి, "నీ మొకం మండా సూరిగా, నా సేతులు సూడు," అంటూ గీరుకుపోయిన చేతులు చూపించి, తిడుతూనే తనూ పీకింది. నగరేశ్వరరావు అమ్మిన వెదుళ్ళు వెనక్కి తీసుకోనని అందరికీ వినపడేలా చెప్పి కొట్టుకి వెళ్ళిపోయాడు. మర్నాటికి బోర్డు మీద 'రాకెట్' చెరగలేదు. ఈనాటికీ ఉంది.

దానమ్మ ఎవరి కోసమూ ఆగలేదు. ఖాళీ అయిన ఇసుకలోకి వెళ్ళి మడమతో గీత గీసింది. వేట మొదలైన రోజు కాదు, పసుపునీళ్ళు లేవు. అయినా గీసింది. ఆరు గంపలూ కుమ్మరించింది. ఆరోదాంట్లో అడుగున ఉన్నవి మెత్తబడిపోయాయి. వాటిని ఏరి పక్కన కుప్ప పోసి, తమ్ముడి వైపు చూడకుండానే, "ఇయ్యి నీకు. కూరొండిస్తాను, తినుదువుగాని," అంది.

తిన్నాడు.

మర్నాడు తెల్లారి తెప్ప ఒడ్డున విరిగే అలల పోటులు దాటి లోపలికి వెళ్ళింది. ఎనిమిదిమందీ మామూలుగానే ఉన్నారు. బీడీ అడిగితే ఇచ్చారు. ఒకడు సైనావాళ్ళ ఓడ ఇటేమైనా కనిపిస్తోందా అని కూడా అడిగాడు, అందరూ నవ్వారు, అప్పలసూరీ నవ్వాడు. కానీ అతని కాలు ఒకచోట నిలవలేదు. అణియం దగ్గర నిలబడి, కూర్చుని, మళ్ళీ లేచాడు.

లైటుహౌసు చిటికెనవేలంత అయ్యాక నీటి రంగు మారింది. ఎడమ పక్క, తాటికాయ చెక్కులాంటి నలుపు. పైన చిన్న వణుకు. పెద్ద మంద. ఇరవై ఏళ్ళలో అలాంటిది నాలుగుసార్లు చూసుంటాడు.

"ఇక్కడ," అన్నాడు.

వల మీద చేతులు వేశారు. దింపలేదు. ఎనిమిదిమందీ ముందు నీళ్ళకేసి చూశారు, తరవాత వెనక కొమ్ము, అమరం దగ్గర కూర్చున్న నూకయ్యకేసి చూశారు. నలుపు మెల్లగా పక్కకి జరుగుతోంది.

నూకయ్య ఇంజను తగ్గించాడు.

"ఒట్టా, సూరీ?" అన్నాడు.

అప్పలసూరి వంగి, అణియం తడిచెక్క మీద చెయ్యి పెట్టాడు.