ఇంటి ఆడపడుచు

పుట్టిల్లు అనే మాట వింటే మా అమ్మగారి మొహం ఎలా మారిపోతుందో నాకు తెలుసు. ఆవిడ సినిమాల్లో హీరోయిన్‌గా వెలిగిన రోజులనుంచీ ఆవిడకి జడలు వేసినదాన్ని. అందుకే విమానాలు తయారుచేసే కంపెనీ యజమాని ఫోన్ చేసి, "మన ఇంటిపేరు ఒకటే కదమ్మా, నువ్వు మా ఇంటి ఆడపడుచువి" అన్నాడని వినగానే నాకు ఒళ్ళు మండింది.

ఆవిడ సినిమాలు తగ్గి ఇంట్లో ఒంటరిగా కూర్చున్న రోజుల్లో ఈ అన్నయ్య ఎక్కడున్నాడట? నిరుడు వాళ్ళ కొత్త రకం విమానం చేలో కూలింది. కొనేవాళ్ళు మొహం చాటేశారు. అప్పుడు గుర్తొచ్చింది చెల్లెలు. బాగుచేసిన విమానంలో ఆవిడ ఎక్కి ఒక చుట్టు తిరిగొస్తే పేపర్లవాళ్ళ నోళ్ళు మూతపడతాయట.

అసలు సంగతి ఇప్పుడు మా ఇద్దరికే తెలుసు. ఆవిడ అనాథాశ్రమంలో పెరిగింది. మొదటి సినిమా తీసినాయన గోడమీద విమానాల ప్రకటన చూసి, అందులోని కంపెనీవాళ్ళ ఇంటిపేరు బాగుందని ఆవిడకి తగిలించాడు.

"వద్దమ్మా, నాకేదో భయంగా ఉంది" అన్నాను కారులో.

"నోర్ముయ్యవే. ఇన్నాళ్ళకి నన్ను చెల్లెమ్మా అని పిలిచేవాడు దొరికాడు" అంది. అద్దంలో చూసుకుని మళ్ళీ కాటుక దిద్దుకుంది.

విమానం ఇంకా పచ్చి రంగు వాసన కొడుతోంది. ఇంజన్ ఆడుతోంది. లోపల కూర్చున్న పైలట్ మావైపు చూడలేదు, నీళ్ళు తాగుతూనే ఉన్నాడు. మెకానిక్కులంతా దూరంగా గోడకి ఆనుకుని నిలబడ్డారు. పేపర్లవాళ్ళు మాత్రం కెమెరాలతో ముందే వచ్చి నిలబడ్డారు.

యజమాని ఎదురొచ్చి అమ్మగారి తలమీద చెయ్యి వేశాడు. ఆవిడ కళ్ళు చెమర్చాయి. అంతలో ఆయన చిన్న కూతురు మా పక్కనుంచి దూసుకెళ్ళి నిచ్చెన ఎక్కేసింది.

"నేనూ అత్తతో వెళ్తా!"

ఆయన ఒక్క ఉరుకులో వెళ్ళి పిల్లని నడుం పట్టుకుని లాగేశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎక్కొద్దని చెప్పానా! దిగు!"

తర్వాత మావైపు తిరిగి నవ్వాడు. పిల్ల చెయ్యి మాత్రం వదల్లేదు. "పిల్లకి కళ్ళు తిరుగుతాయమ్మా. నువ్వు రా చెల్లెమ్మా."

నిచ్చెన మీద ఒక కాలు పెట్టిన అమ్మగారు ఆగిపోయింది. పిల్లని పట్టుకున్న ఆయన చేతివైపు చూసింది.

"కళ్ళు తిరగడానికేనా అన్నయ్యా, అంత భయం?"

ఆవిడ కాలు దించి పేపర్లవాళ్ళ ముందుకి నడిచింది.

"ఈ ఇంటిపేరు నాది కాదు. గోడమీద చూసి సినిమావాళ్ళు పెట్టారు. నేను ఎవరింటి ఆడపడుచునీ కాను." నాకు ఏడుపు ఆగలేదు.

కెమెరాలన్నీ యజమాని వైపు తిరిగాయి.

"మరి సొంత ఇంటిపేరువాళ్ళు ఎవరూ ఎక్కరా సార్?" అని అడిగాడొక విలేకరి.

"నాది సొంతమే కదా నాన్నా!" అంది పిల్ల, ఆయన చొక్కా పట్టి లాగుతూ. "నేనెక్కనా?"

ఆయన పిల్లని తన వెనక్కి లాక్కున్నాడు. అందరం ఆయన మొహమే చూస్తున్నాం.

ఇంజన్ ఆగింది. పైలట్ నెమ్మదిగా కిందికి దిగి, ఆఖరి మెట్టు మీదే కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.