పండుగ లేని ఇంటి కేకు

భర్త జగపతి పోయిన నాటి నుంచి కండక్టర్ శైలజకు డిపోలో గిరాకీ పెరిగింది. ఏ పండుగ వచ్చినా తోటి కండక్టర్లు డ్యూటీ మార్చుకోవడానికి ముందు ఆమె దగ్గరికే వచ్చేవారు. మనిషి పోయిన ఇంట్లో ఏడాది దాకా పండుగ ఉండదు, మానుకోట చుట్టుపక్కల అందరికీ తెలిసిందే. పండుగ లేని మనిషికి సెలవెందుకు? బతుకమ్మ నాడు ఒకరి డ్యూటీ చేసింది, దీపావళికి మరొకరిది, క్రిస్మస్‌కు ఇంకొకరిది. అందరూ మంచివాళ్లే. బస్సు దిగగానే "తిన్నవా అక్కా" అని అడిగేవాళ్లే. కానీ సద్దుల బతుకమ్మ నాడు ఆ ఇంటికి చారెడు సత్తుపిండి పంపితే తప్పేమోనని, పండుగపూట ఆ చేతి నుంచి ఏదైనా తీసుకుంటే కీడేమోనని వాళ్ల భయం. మర్యాద తప్పకుండా మనిషిని ఎలా వెలేయవచ్చో మనవాళ్లను చూసే నేర్చుకోవాలి.

డిసెంబర్ ముప్పై ఒకటిన మాత్రం శైలజ ఆశపడింది. కొత్త సంవత్సరం ఏ దేవుడి పండుగ కాదు, ఏ పంచాంగంలోనూ లేదు. దీనికైనా తనను పిలుస్తారనుకుంది. డిపో రెస్ట్ రూములో ఏటా సాయంత్రం కేకు కోస్తారు. మధ్యాహ్నం మంచినీళ్ల కోసం లోపలికి వెళ్తే బెలూన్లు కడుతున్నారు. ఆమెను చూడగానే నడుస్తున్న మాట ఆగిపోయింది. ఆమె నీళ్లు తాగకుండానే బయటికి వచ్చేసింది.

వెనకే రాజేందర్ వచ్చాడు. వయసులో ఆమె కన్నా చిన్నవాడు, అతనూ కండక్టరే.

"అక్కా, సాయంత్రం దంతాలపల్లి ట్రిప్పు జర నువ్వు పోతవా? నేను కేకు కటింగ్‌ల ఉంట. నీకెట్లాగూ..."

"నాకేంది?"

"ఇంట్ల పండుగ లేదు గదా అని."

"నాకు పండుగ ఉంది తమ్మీ. నేను పోను."

ఆమె కాదనడం అతను ఎప్పుడూ వినలేదు. మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు.

ఆ తృప్తి డ్యూటీ ముగించుకుని డిపో గేటు దాటేదాకా ఉంది. పండుగ ఉందని అయితే చెప్పింది, ఆ పండుగ ఎక్కడుందో ఆమెకే తెలియదు. బేకరీ ముందు జనం కిటకిటలాడుతున్నారు. వాళ్లలో దూరి చిన్న కేకు తీసుకుంది. మీద ఏం రాయాలని అడిగితే ఏమీ వద్దంది. డబ్బా పట్టుకుని నాలుగడుగులు ఇంటివైపు వేసి ఆగిపోయింది. తాళం తీసి, లైటు వేసి, తనే కోసుకుని తనే తినాలి. అంతకన్నా పండుగ లేకపోవడమే నయం. ఆమెకు గట్టిగా ఏడవాలనిపించింది, కానీ బజారులో ఎలా ఏడుస్తుంది?

తిరిగి బస్టాండుకు వచ్చేసరికి దంతాలపల్లి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. స్టీరింగ్ ముందు డ్రైవర్ హీర్యా, తలుపు దగ్గర టికెట్ మిషన్‌తో రాజేందర్. ఇందులోనైనా మనుషులుంటారని శైలజ ఎక్కి కూర్చుంది.

"యాడికక్కా?" అన్నాడు రాజేందర్ ముభావంగా.

"దంతాలపల్లికి. ఆడోళ్లకు ఫ్రీయే గదా, జీరో టికెట్ కొట్టు."

"ఆడ ఎవరున్నరు?"

"ఎవ్వరు లేరు."

అతను టికెట్ చింపి ఇచ్చాడు. నర్సింహులపేటలో సగం మంది దిగారు. దంతాలపల్లిలో బస్సు మొత్తం ఖాళీ అయింది. తిరుగు ప్రయాణానికి కాస్త టైముంది. శైలజ ముందుకు వెళ్లి ఇంజన్ బానెట్ మీద డబ్బా తెరిచి కేకు కోసింది. హీర్యా చేతులు ప్యాంటుకు తుడుచుకుని ముక్క అందుకున్నాడు.

"సల్లగుండు చెల్లే," అని నోట్లో వేసుకున్నాడు.

రాజేందర్ మాత్రం తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"అక్కా, మీ ఇంట్ల..."

"ఇది మా ఇల్లు గాదు తమ్మీ, బస్సు," అంది శైలజ.

ఒక ముక్క తీసి అతని వైపు చేయి చాపింది. ఇతను తీసుకోకపోతే ఇక ఈ జన్మలో ఎవరి ముందూ చేయి చాపలేనని ఆమెకు తెలుసు. అతను ముక్కను చూశాడు, ఆమెను చూశాడు.

"మా అమ్మకు తెలిస్తే తిడ్తది."

"చెప్పకు మరి."

రాజేందర్ వచ్చి ముక్క తీసుకున్నాడు. సగం తుంచి ఆమె నోటికి అందించి, మిగతాది తను తిన్నాడు. మూతి తుడుచుకుంటూ ఆమె వైపు తిరిగాడు.

"పోయినేడు గిదే రోజు బావ నిన్ను తీస్కపోనీకి డిపోకు వస్తే, మొఖమంత కేకు పూసింది నేనే అక్కా. కోపం చేసిండా?"

ఇన్ని నెలల్లో జగపతి గురించి ఆమె ముందు ఎవరూ మాటెత్తలేదు. ఎత్తితే బాధపడుతుందని అందరూ జాగ్రత్తపడ్డారు. శైలజకు నోట్లో కేకు, కళ్లలో నీళ్లు. కేకు మింగి చేత్తో కళ్లు తుడుచుకుంది.

"కోపమేంది తమ్మీ," అంది. "ఇంటికొచ్చి అద్దంల చూస్కుంట ఒకటే నవ్వుడు. కడుక్కోమంటె కడుక్కోలే. గట్లనే పండుకున్నడు."

అలా మొదలుపెట్టి ఇంకా ఏవేవో చెబుతూ పోయింది. తిరుగు ప్రయాణం టైము దాటినా హీర్యా బండి స్టార్ట్ చేయలేదు.