పోశవ్వ చావు దరువు

నేను ఒక డప్పును. మేకతోలు, చింతకర్ర చట్రం. మంట దగ్గర కాస్తే తప్ప పలకని మొండిదాన్ని. నన్ను చేసినవాడు మైసయ్య. మా వాడలో ఎవరు పోయినా పాడె ముందు నేనే నడవాలి. చావు దరువు వినబడకపోతే పోయినవాళ్లకు దారి దొరకదని మావాళ్ల నమ్మకం.

మొదట మా సంస్థానాన్ని దొర ఏలాడు. ఆయన మీద నోరెత్తితే కొరడాయే. నలుగురు ఒకచోట నిలబడకూడదని నాతోనే దండోరా వేయించాడు. అయితే ఒకటి చెప్పాలి, నోరు మూసుకున్నవాడి జోలికి వచ్చేవాడు కాదు. ఎవరు ఎవరికోసం ఏడ్చినా ఆయనకు పట్టేది కాదు. తలుపేసుకుని మైసయ్య దొర నడకను వెక్కిరిస్తే, భార్య పోశవ్వ పొట్ట పట్టుకుని నవ్వేది.

తర్వాత నాయకుడొచ్చి దొరను తరిమేశాడు. ఆ రోజు నేను మోగిన మోత ఇంతా అంతా కాదు! పెనం మీంచి పొయ్యిలో పడ్డామని పిచ్చిదాన్ని, నాకేం తెలుసు? నాయకుడికి మౌనం చాలలేదు, ప్రేమ కావాలట! ఇంటింటా ఆయన పటం, పొద్దున్నే దానికో పాట. పాడేటప్పుడు మొహం వెలుగుతోందా లేదా అని నాయకుడి సంఘంవాళ్లు ఇళ్లలోకొచ్చి చూసేవారు. దరువులన్నీ రద్దుచేసి ఒక్క జయ దరువే ఉంచారు. పెళ్లికీ అదే, చావుకీ అదే.

ఆ రోజుల్లోనే పోశవ్వ జ్వరంతో పోయింది. మైసయ్య సంఘం పెద్ద కాళ్ల మీద పడ్డాడు.

"అయ్యా, గా ఒక్క దరువు కొట్టుకోనియ్యిండ్రి. నా పెండ్లాం దారి తప్పుతది."

"నాయకుని రాజ్యంల ఏడుపేందిరా? జయ దరువు కొట్టు. నవ్వుకుంట కొట్టు."

కొట్టాడు. నవ్వాడు కూడా. కన్నీళ్లు పడి నా తోలు మెత్తబడితే, మళ్లీ కాచి కొట్టమన్నారు.

పదకొండేళ్లకు నాయకుడూ కూలిపోయాడు. ఆ సాయంత్రమే మైసయ్య నన్ను చంకనేసుకుని పోశవ్వ సమాధి దగ్గరికి పరుగెత్తాడు. మంటేసి కాచాడు. "గిప్పుడు ఇనే పోశీ" అంటూ నన్ను కొట్టే పుల్లలెత్తాడు.

జయ దరువు మోగింది.

ఆపి మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అదే. చేతులు విదిల్చుకున్నాడు, నోటితో పలికి చూశాడు. ఊహూ. పదకొండేళ్లు రోజూ అదే కొట్టిన చేతులాయె! అయ్యో, దొర నోరు నొక్కాడే గాని మనిషి లోపలికి దూరలేదు.

"నాకొస్తలేదే పోశీ, మరిసిపోయిన" అని మట్టి మీద బోర్లా పడి ఏడ్చాడు.

రెండేళ్లకు మైసయ్యా పోయాడు. ఆ దరువు తెలిసిన చెయ్యి వాడలో ఒక్కటీ మిగల్లేదు. నన్ను మ్యూజియంవాళ్లు తీసుకుపోయి, 'నాయకుడి జయ దరువు డప్పు' అని చీటీ అతికించి అద్దాల్లో పెట్టారు. మైసయ్యను మాత్రం ఏ చప్పుడూ లేకుండా మోసుకుపోయారు.