నాలుగో స్క్రూ

మా కోడలికి కోపం వస్తే స్క్రూలు బిగిస్తుంది. రొట్టెల వ్యాను దారిలో ఆగిన ప్రతిసారీ, కుదుపులకు ఇంజను పక్కనుండే ఎలక్ట్రానిక్ బోర్డు కదిలిపోతోందనుకుని, దాని పెట్టె తెరిచి ఉన్న బలమంతా పెట్టి బిగించేది.

ఆ ఉదయం వ్యాను మళ్ళీ మొరాయించింది. మా అమ్మాయి నడిపే రిపేరు షెడ్డు దాకా కోడలు నలుగురి చేత తోయించుకొచ్చి, తాళం మా ఇద్దరి ముందూ బల్ల మీద పడేసింది.

"పాత సామాన్లాయనకి చెప్పేశాను. మధ్యాహ్నం వచ్చి తీసుకుపోతాడు. నేను మళ్ళీ బేకరీలో పిండి పిసుక్కుంటాను."

ఆ పిండి దగ్గర నడుము పోగొట్టుకునే, పట్టుబట్టి డ్రైవింగు నేర్చుకుంది మా కోడలు.

"అయితే మధ్యాహ్నం దాకా బండి నాది వదినా," అంది మా అమ్మాయి.

"ఎప్పుడు నాదైంది గనక? నాకంటే నీ దగ్గరే ఎక్కువ కాపురం చేసింది."

అమ్మాయి బోర్డు ఊడదీసింది. అరచేయంత ఆకుపచ్చ పలక, మధ్యలో నల్లటి చిప్పు. ఇంజనుకి ఎప్పుడెంత పెట్రోలు అందాలో లెక్క చూసేది ఆ చిప్పే. బండి పాతది కావడంతో అలాంటిది ఇప్పుడెక్కడా దొరకదు. అది పోయిందంటే బండి పోయినట్టే.

బల్ల మీద కరెంటు ఇచ్చి మీటరు పెట్టింది. బాగానే ఉంది. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో వేడి చేసింది. బాగానే ఉంది. పెన్సిలుతో తట్టింది. దానికి చీమ కుట్టినట్టయినా లేదు. వ్యానులో బిగించి తాళం తిప్పితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు.

"చూశారా అత్తయ్యా, పుట్టింట్లో గలగలా మాట్లాడి అత్తింట్లో మూతి ముడుచుకుంటోంది."

"నీకు ఆ బాధ లేదులే, రెండు చోట్లా మాట్లాడతావు," అన్నాను.

అమ్మాయి నవ్వలేదు. "బల్ల మీద లేనిది అక్కడేముంది?" అని గొణుక్కుంటూ పెట్టెలోకి చూసింది. అడుగున అట్టముక్క పరిచి, స్క్రూలు పెట్టకుండా బోర్డు దానిమీద ఊరికే ఉంచింది.

"తాళం తిప్పు వదినా."

ఇంజను అందుకుంది.

అమ్మాయి ఇంజను ఆపించి అట్ట తీసేసింది. మళ్ళీ స్టార్టు చేయించి, ఒక్కో స్క్రూ మెల్లగా బిగించుకుంటూ వచ్చింది. మూడింటిదాకా బాగానే ఉంది. నాలుగోది బిగుస్తుండగా ఇంజను దగ్గి ఆగిపోయింది. వదులు చేసి తాళం తిప్పితే మళ్ళీ అందుకుంది.

"ఈ మూల పెట్టె సొట్టపడింది. ఎక్కడ గుద్దావు?"

"నేనెందుకు గుద్దుతాను? గోడే అడ్డం వచ్చింది."

"అడుగు వంకరపోయింది వదినా. నువ్వు బిగించినకొద్దీ బోర్డు వంగుతోంది."

కోడలి ముఖం చిన్నబోయింది. "అంటే ఇన్నాళ్ళూ నేనే..."

"చిప్పు బతికే ఉంది. ముందు దానికి సంతోషించు."

భూతద్దం కింద పెడితే, ఆ మూల వైపు చిప్పు కాలిని బోర్డుకి అతికించే టంకంలో వెంట్రుకంత పగులు ఉందట. నన్నూ చూడమంది. కనబడిందనే చెప్పాను. పాత టంకం కరిగించి కొత్తది పెట్టి, పెట్టె అడుగు సుత్తితో సాపు చేసి, స్క్రూడ్రైవరు వదిన చేతికే ఇచ్చింది.

"నువ్వే బిగించు. వేలికి బిగువు తగలగానే వదిలెయ్."

కోడలు పసిపిల్లకి గాజులు తొడుగుతున్నట్టు బిగించింది. తాళం తిప్పింది. ఇంజను ఒక్కసారికే అందుకుంది.

అప్పుడే పాత సామాన్లాయన వచ్చి నిలబడ్డాడు. "బండి తీసుకుపోదామని..."

"ఎక్కు అన్నా, నీ కొట్టు దాకా దింపుతాను. గతుకుల దారినే పోదాం. ఆగిందంటే అక్కడికక్కడే తీసేసుకో," అంది కోడలు.

ఆయన అనుమానంగానే ఎక్కాడు. వ్యాను మలుపు తిరిగి చప్పుడు వినబడకుండా పోయింది. మేమిద్దరం రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డాం.

చాలాసేపటికి ఫోను మోగింది.

"అత్తయ్యా, ఆయన్ని దించేశాను. బేకరీలో ట్రేలు ఎక్కిస్తున్నారు. భోజనానికి నాకోసం ఆగకండి."

వెనక ఇంజను చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆపడానికి ఇంకా ధైర్యం చాలలేదనుకుంటాను.