మరిడమ్మ పొట్టలో పరిచిన వల

నేను ఒక వలను. చేపలు పట్టే వలను కాదు. మనిషి పొట్టగోడ విడిపోయి హెర్నియా వస్తే లోపలి నుంచి వేసే మాసికను. సిమెంటు బస్తాలు నేసే ప్లాస్టిక్ జాతే నాదీ. కాకపోతే దుమ్ము లేని గదిలో, తొడుగులు వేసుకున్న చేతుల మధ్య పుట్టాను. పుట్టగానే కవరులో పెట్టి మూతి బిగించారు. మనుషులు పసిబిడ్డలకు కూడా అంత మడి పాటించరు.

నేను చేరిన పొట్ట మరిడమ్మది. భీమిలి దగ్గర రేవు ఊరు ఆమెది. గంప నెత్తిన పెట్టుకొని ఇంటింటికీ తిరిగి చేపలమ్మేది. కాన్పు ఆపరేషన్ నాటి కుట్టు దగ్గర, ఏళ్ల తరబడి మోసిన బరువుకు పొట్టగోడ చీలింది. దగ్గితే చాలు, అక్కడ చర్మం కింద పేగు నిమ్మకాయంత ఉబ్బేది.

"ఆలస్యం చేస్తే పేగు ఇరుక్కుపోతుంది," అన్నారు డాక్టరు సుమిత్ర. "పొట్ట పొడవునా కోసి బాగుచేయొచ్చు. పెద్దాసుపత్రుల్లో రోబోతో కూడా చేస్తున్నారు. నీకు చిన్న చిల్లులు చాలు. కెమెరాతో చూసుకుంటూ లోపల ఈ వల పరుస్తాను." కవరులో ఉన్న నన్ను చూపించారు.

"మాయింట్లో వలలకేటి తక్కువమ్మా! మా ఆయన్నడిగితే ఓ ముక్క కోసిచ్చీసేవోడు," అని మరిడమ్మ నవ్వింది. నవ్వినందుకే నొప్పి పుట్టి పొట్ట పట్టుకొంది.

గాలి నింపి పొట్టను బుడగలా ఉబ్బించారు. నన్ను చాపలా చుట్టి, సన్నటి గొట్టంలోంచి లోపలికి దించారు. కెమెరా వెలుగులో విప్పి, చీలిక మీద పరిచి, అంచుల వెంట బిగించారు. మర్నాటికే ఆమె లేచి నడిచింది.

"మూడు నెలలు బరువులెత్తొద్దు. కండ ఈ వలలోకి అల్లుకోవాలి," అన్నారు డాక్టరు.

మరిడమ్మ కంగారుపడింది. "రోజూ కొనే నా వాడిక ఇళ్లు పోతాయి కదమ్మా!"

పక్కనే ఉన్న తోడికోడలు, చెల్లెలి వరస పైడమ్మ ఆమె చెయ్యి పట్టుకొంది. "బెంగెందుకప్పా? నీ ఇళ్లకి నాను ఏత్తాను సేపలు. నువ్వు లేసినాక నీ ఇళ్లు నీయే."

మరిడమ్మ నమ్మింది. నేనూ నమ్మాను. కొత్తగా చేరినవాణ్ని, మనుషుల సంగతి నాకేం తెలుసు? కండ పోగులు నా కన్నాల్లోకి ఒక్కొక్కటే పాకుతుంటే, మాట ఇచ్చినవాళ్లంతా ఇలాగే అల్లుకుంటారనుకున్నాను. భర్త ఎల్లాజీ నీళ్ల బిందెలు తనే మోశాడు. రేవులో నవ్వినవాళ్లను లెక్కచేయలేదు. పైడమ్మ మొదట్లో రోజూ వచ్చి ఎవరేం కొన్నారో చెప్పేది. తర్వాత రావడం మానేసింది.

గడువు తీరాక డాక్టరు సరేనన్నారు. మరిడమ్మ తేలిక గంపతో మొదటి ఇంటి గుమ్మం ముందు నిలబడింది. ఆ ఇల్లాలు తలుపు సగమే తీసింది.

"నీకేదో పెద్ద జబ్బట కదా, లోపల పుండట. పైడమ్మ చెప్పింది. పిల్లలు తినే ఇల్లు, ఏమీ అనుకోకమ్మా."

రెండో ఇంట్లోనూ అదే మాట. మూడో ఇంటికి ఆమె వెళ్లలేదు.

తిన్నగా పైడమ్మ దగ్గరికి నడిచింది. పైడమ్మ చేప పొలుసు గీకుతూ తలెత్తలేదు.

"నాకేటి పుండే?"

"నాకూ పిల్లలున్నారప్పా," అంది పైడమ్మ.

మరిడమ్మ వెనుదిరిగింది. ఆమె పొట్ట ఒక్కసారిగా బిగిసింది. నా అంచులన్నీ పట్టు తప్పుతాయనిపించింది. ఏ గంప బరువూ నన్ను అంతగా లాగలేదు.

ఆ తర్వాత ఆమె గుమ్మాలెక్కలేదు. రోడ్డు కూడలిలో బల్ల వేసుకొని కూర్చుంది. ఆగిన బస్సుల వాళ్లు కొన్నారు. మెల్లగా బేరం నిలబడింది.

వాన వెలిసిన ఒక పొద్దున పైడమ్మ ఆ దారినే వచ్చింది. కాలు జారి, గంప నేల మీదికి దించాల్సి వచ్చింది. నిండు గంపను ఎవరూ ఒంటరిగా తలకెత్తుకోలేరు. రెండో మనిషి చెయ్యి వేయాలి. చుట్టుపక్కల ఇంకెవరూ లేరు.

"అప్పా, ఓ సెయ్యెయ్యవా?"

ఆ బరువు నాకొక లెక్క కాదు. ఆ సంగతి మరిడమ్మకూ తెలుసు. ఆమె లేవలేదు. బల్ల మీది నీళ్లు తుడుస్తూనే ఉంది. పైడమ్మ కాసేపు చూసి, దూరంగా వెళ్తున్న ఆటోను కేకేసింది. ఆటో అతను దిగి గంప ఎత్తి పెట్టాడు.

పైడమ్మ మలుపు తిరిగాక మరిడమ్మ పొట్ట కదిలింది. ఆగకుండా, చాలాసేపు. నవ్వో ఏడుపో చెప్పలేను. లోపలున్న నన్ను రెండూ ఒకేలా లాగుతాయి.